రెక్కలు చాపిన పక్షిరాజు

కొండ కింద పెద్ద సరస్సు ఉండేది. ఆ కొండ కొమ్మున ఉండే పక్షిరాజు పేరు ప్రతాపుడు. సరస్సులో ఒక ముసలి గూడబాతు ఎగరబోయే ముందల్లా తలవంచి, దేవుణ్ణి తలచుకుని, "ప్రభువా, నువ్వే మోయాలి" అనుకునేది. అది వింటే ప్రతాపుడికి నవ్వొచ్చేది.

"మోయించుకోవడానికి నువ్వేమన్నా పసిపిల్లవా అవ్వా? నన్ను చూడు. ఈ ఆకాశాన్ని నా రెక్కలతో గెలుచుకున్నాను. ఎవరినీ చేయి చాచి అడగలేదు."

"ఆయన ముందు నేను పసిపిల్లనే నాయనా" అనేది గూడబాతు.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం ప్రతాపుడు సరస్సు నడిమధ్యకు వచ్చేసరికి గాలి పూర్తిగా పడిపోయింది. రెక్కలు కొట్టీ కొట్టీ అలిసిపోయి నీళ్లలో పడ్డాడు. గింజుకున్నకొద్దీ మునిగిపోతున్నాడు.

గూడబాతు గబగబా ఈదుకుంటూ వచ్చింది. "కొట్టుకోకు నాయనా. రెక్కలు చాపి ఊరుకో. మోసేవాడు మోస్తాడు."

ప్రాణం పోవడం కంటే ఆ మాట ఒప్పుకోవడమే ప్రతాపుడికి కష్టంగా తోచింది. కానీ ఒంట్లో సత్తువ లేదు. "ప్రభువా, ఇక నావల్ల కాదు" అని రెక్కలు చాపేశాడు. నీళ్లు అతన్ని పైకి తేల్చాయి. కాసేపటికి గాలి లేచింది. అలలు మెల్లగా ఒడ్డుకు చేర్చాయి.

మర్నాడు అతను మబ్బుల దాకా ఎగిరి దిగితే కొంగపిల్లలు కేరింతలు కొట్టాయి. "అబ్బ, నీ రెక్కలకు ఎంత బలం!"

ప్రతాపుడి ఛాతీ ఎప్పటిలాగే పొంగింది.

"నా రెక్కలదేముందర్రా! నన్ను మోస్తున్నవాడి బలం చూడండి!" అని కొండలు మారుమోగేలా అరిచాడు.