మంగళవారం ఫోను

"ముత్యం గారూ, క్షమించండి. బతకడానికి మీకొక కారణం దొరుకుతుందన్నాను. నాలుగు నెలలైనా చూపించలేకపోయాను," అంది అలేఖ్య ఫోన్లో.

ముత్యం సూరత్‌లోని వడోద్‌లో మరమగ్గం కార్మికుడు. కరోనా రెండో వేవ్‌లో భార్య పోయింది. అదే నగరంలో ఉండే సైకాలజిస్టు అలేఖ్య ఆల్థాన్‌లోని తన ఇంటి నుంచి ప్రతి మంగళవారం అతనితో మాట్లాడుతోంది. "ఇగ ఎవరి కోసం బతకాలె?" అన్న అతని మాట దగ్గరే ఇద్దరూ ఆగిపోయేవారు.

"మిమ్మల్ని ఇంకో డాక్టరుకు అప్పగిస్తాను."

"వద్దు బిడ్డా!" ముత్యం కంగారుపడ్డాడు. "ఊరికి రమ్మని మా తమ్ముడు రెండుసార్లు టికెట్ తీసిండు. నేనే పోలే."

"ఎందుకు?"

"ఊర్ల సిగ్నల్ ఉండది. మంగళవారం నీతోని ఎట్ల మాట్లాడాలె? మీ ఇంట్ల గూడ ఎవరో పోయిన్రు గద. నువ్వు చెప్పలే. మొదటి దినమే నీ గొంతుల తెలిసింది. నేను గూడ లేకుంటె నువ్వేమైతవో అని భయం."

ఏప్రిల్‌లో పోయిన నాన్న గురించి అలేఖ్య ఎవరికీ చెప్పుకోలేదు. జవాబు చెప్పబోయింది. ఏడుపు వచ్చేసింది.

"ఏడువు బిడ్డా," అన్నాడు ముత్యం. "నేనైతె ఫోన్ పెట్టను."