ఒడ్డు చేరని ఓడ

ప్రిన్సిపాల్ ఫాదర్ గారు హాలు తలుపు తీసి, ఎదురుగా బ్లాక్ బోర్డు మీద తనని తాను చూసుకుని ఆగిపోయారు.

బోర్డు నిండా సుద్దముక్కతో గీసిన బొమ్మ. వేదిక మీద ఆయన చెయ్యెత్తి ప్రసంగిస్తున్నారు. ముక్కు మనిషికంటే ముందు నడుస్తోంది. పిల్లలంతా ఒకరి మీద ఒకరు ఒరిగి నిద్రపోతున్నారు. గోడమీది పటంలో స్కూలు స్థాపించిన ఫాదర్ గారు కూడా నోరు తెరిచి గురక పెడుతున్నారు. కింద అచ్చక్షరాల్లో ఒక ముక్క: "ఓడ ఇంకా ఒడ్డుకు చేరలేదు."

ఆ రోజు స్థాపక దినోత్సవం. వందేళ్ళు దాటిన ఆ స్కూలు చరిత్ర ఏటా ఆయనే చెబుతారు. స్థాపకుడు ఓడెక్కడంతో ఆ చరిత్ర మొదలవుతుంది. తుఫాను, చలిజ్వరం, దారి తప్పడం... రేవు కనబడేసరికి హాల్లో మెలకువగా ఉండేది ఆయనొక్కరే. ఆ సంగతి ఆయనకీ తెలుసు. కళ్ళు మూసుకుని శ్రద్ధగా వింటున్నారులే అని సరిపెట్టుకునేవారు.

వైస్ ప్రిన్సిపాల్ మండిపడ్డారు. ఆయన లెక్కల మాస్టారు. ప్రతి తప్పుకీ ఒక జవాబు ఉండి తీరాలంటారు. ప్రసంగం సోమవారానికి వాయిదా పడింది. దర్యాప్తు పెద్ద సిస్టర్ గారి చేతికొచ్చింది.

పిల్లలు ఆవిడని చాటుగా పోలీసు సిస్టర్ అంటారు. చిన్నప్పుడు ఇదే స్కూల్లో ఫాదర్ గారికి ఎక్కాలు నేర్పింది ఆవిడే. ఇప్పటికీ ఆవిడ గదిలోకి రాగానే ఆయన చటుక్కున లేచి నిలబడి, తను ప్రిన్సిపాలునని గుర్తొచ్చి మెల్లిగా కూర్చుంటారు.

సిస్టర్ గారు ముందుగా బోర్డు చెరపొద్దన్నారు. సాక్ష్యం కదా అని దానిమీద దుప్పటి కప్పించారు. అనుమానితులందరినీ పిలిచి ఒక్కొక్కరిచేత బొమ్మ గీయించారు. ఒకడికి గీత నిలవదన్నారు. ఇంకొకడికి ముక్కు వెయ్యడమే రాదన్నారు. అందరినీ వదిలేశారు.

వైస్ ప్రిన్సిపాల్‌కి ఓపిక నశించింది. బొమ్మల పోటీల్లో ఏటా బహుమతులు తెచ్చే పదో తరగతి అమ్మాయిని ఆయనే పట్టుకొచ్చారు. ఆ పిల్ల చేతుల నిండా సుద్దపొడి ఉందట. క్లాసు లీడరుని నేను, బోర్డు తుడిచేదీ నేనే కదండీ అని ఆ పిల్ల ఏడ్చింది. రుజువు చాలదని సిస్టర్ గారు గట్టిగానే వాదించారు. వైస్ ప్రిన్సిపాల్ వినలేదు. సోమవారం టి.సి. ఇచ్చి పంపేద్దామన్నారు. పరీక్షలు ముంచుకొస్తున్నాయి. వాళ్ళమ్మ వరండాలో స్తంభాన్ని ఆనుకుని సాయంత్రందాకా నిలబడే ఉంది.

శనివారం సాయంత్రం ఫాదర్ గారు చర్చి గుడిలో తెర వెనక పాపసంకీర్తనాలు, అంటే తప్పులు ఒప్పుకునేవాళ్ళ మాటలు, వినడానికి కూర్చున్నారు. చెప్పుకునేవాళ్ళు చెప్పుకుని వెళ్ళారు. ఆఖరున తెర అవతల ఎవరో మోకరించిన చప్పుడైంది.

"ఫాదర్, హాల్లో బొమ్మ గీసింది నేనే."

గొంతు గుర్తుపట్టడానికి ఆయనకి క్షణం పట్టలేదు. నమ్మడానికి మాత్రం చాలాసేపు పట్టింది. ఎందుకని అడగబోయి, అడిగి మరీ చెప్పించుకోవడం దేనికని ఊరుకున్నారు. అయినా జవాబు వచ్చింది.

"ఎన్నిసార్లని వింటాను ఫాదర్. ఒక్క ఏడాదైనా ఆ ఓడ మునిగిపోతే బాగుండుననిపించింది. నవ్వుకోవడానికి గీశాను. ఇంకొకరి మెడకి చుట్టుకుంటుందనుకోలేదు."

గుడిలో విన్నది గుడి దాటకూడదు. ఆ మాట పట్టుకుని ఆయన ఎవరినీ ఏమీ అనలేరు, ఎవరికీ చెప్పలేరు. చేతిలో ఉన్నదల్లా ప్రాయశ్చిత్తం విధించడమే. సోమవారం మొదటి వరుసలో కూర్చుని, కళ్ళు మూయకుండా ప్రసంగం మొత్తం వినాలన్నారు.

తెర అవతలి గొంతు బతిమాలుకుంది.

"ఉపవాసం ఉండమన్నా ఉంటాను ఫాదర్. అదొక్కటీ వద్దు."

అదే ఖాయమన్నారు ఫాదర్ గారు. అంటూనే ఆయన మనసు చివుక్కుమంది. తన ప్రసంగం పస్తుకంటే కష్టమని ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు.

సోమవారం పొద్దున్నే వైస్ ప్రిన్సిపాల్ టి.సి. సంతకానికి తెచ్చారు. ఆ పిల్లకి ఏ పాపమూ తెలియదని అనే వీల్లేదు. ఎలా తెలుసంటే చెప్పడానికేముంది? ఫాదర్ గారు ఆయన్ని హాల్లోకి తీసుకెళ్ళి, బోర్డు మీది దుప్పటి లాగారు. ఇందులో అబద్ధం ఎక్కడుందో చూపించమన్నారు.

వైస్ ప్రిన్సిపాల్ ముక్కు చూశారు. పక్కనే ఉన్న అసలు ముక్కూ చూశారు. నిద్రపోతున్న పిల్లల్ని చూశారు.

"ఉన్నది ఉన్నట్టు చూపించినందుకు టి.సి. ఇవ్వాలంటే, ముందు మా గదిలో అద్దానికి ఇవ్వాలి మాస్టారూ. ఈ గొడవ ఇంతటితో వదిలేద్దాం" అన్నారు ఫాదర్ గారు.

లెక్కల మాస్టారికి నవ్వాగలేదు. టి.సి. కాగితం రెండు ముక్కలైంది. ఆ పిల్ల తరగతికి వెళ్ళింది, మళ్ళీ వచ్చి వరండాలో నిలబడ్డ వాళ్ళమ్మ ఇంటికి వెళ్ళింది.

గంట కొట్టారు. పిల్లలు హాల్లోకి వచ్చి, పడుకోవడానికి వీలుగా ఎవరి పక్క వాళ్ళు చూసుకుని సర్దుకున్నారు. ఫాదర్ గారు వేదికెక్కి, కళ్ళజోడు తుడుచుకుని, మొదటి వరుస వైపు చూశారు.

ఎప్పుడూ వెనక తలుపు దగ్గర కాపలా కూర్చునే పెద్ద సిస్టర్ గారు చేతికర్ర టకటకలాడించుకుంటూ ముందుకొచ్చి, మొదటి వరుసలో సరిగ్గా ఆయన ముక్కుకి ఎదురుగా కూర్చుని, కళ్ళు ఇంతింత చేసుకుని, "ఇక ఓడెక్కించండి ఫాదర్" అన్నారు.