దుబాసీ పలక

సంతరోజుల్లో మా ఆయన రామనర్సయ్య పలక చంకలో పెట్టుకుని బుధ్రి గుడిసెకు పోతున్నాడని తెలిసి నా ఒళ్లు మండిపోయింది. ఆయన బస్తరు రాజ్యం అడవి కచేరీలో ఇంగ్లీషు దొరకు దుబాసీ. ఇంగ్లీషు తనకు కొట్టిన పిండి అంటాడు. ఆమె మొన్నటిదాకా దొర బంగ్లాలో వంట చేసింది.

ఇవాళ వెనకాలే వెళ్లి తడిక చాటున నిలబడ్డాను.

"నిన్న అన్నం తినుకుంట దొర 'పాస్' అన్నడు. నేను వెదురుబండ్ల పాసుచీటీ తెచ్చిచ్చిన. అందరు నవ్విండ్రు," అంటున్నాడాయన.

"ఉప్పుగిన్నె అందియ్యమన్నడు. పరీక్ష గట్టెక్కినా పాసే, కొండల నడుమ దారి గూడ పాసే. రాసుకో," అంది బుధ్రి.

చదువేనా! నవ్వుకుంటూ వెనక్కి తిరిగాను.

"నాకు రాదు బుధ్రీ. ఇంకోసారి చెప్పు," అన్నాడు మెల్లగా.

నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. పదహారేళ్ల కాపురంలో ఒక్కనాడూ నా దగ్గర "నాకు రాదు" అనలేదు ఆ మనిషి.

ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నా ఇంత మండేది కాదు.