సిద్ధయ్య ఫోటోకు పూలదండ

ఈ కథలో ఒక్క అబద్ధం దొరికినా నా మీసం తీసేస్తాను. పెళ్ళికి ముందు నుంచీ పెంచుకున్న మీసం, చూసుకోండి మరి.

సిద్ధయ్య చాయ్ ట్రే పట్టుకుని వరండాలోకి వచ్చి, తన ఫోటో చూసి ఆగిపోయాడు.

టీ గది ఎదురుగా బల్ల వేసి, దాని మీద ఫోటో నిలబెట్టారు. నిలువెత్తు మల్లెదండ. ముందు చిన్న దీపం. ఫోటోలో తను నవ్వుతున్నాడు.

కువైట్‌లో ఒక విశ్వవిద్యాలయంలో చాయ్ చేసేవాడు సిద్ధయ్య. పొద్దున ఛాతీలో పట్టేసినట్టుంటే టీ గదిలో స్టూలు మీద కూలబడి కునుకు తీశాడు. ఎంతసేపు పడుకున్నాడో తెలియదు. లేచేసరికి ఒళ్ళు దూదిలా తేలికైపోయింది. ఆ హుషారులో చాయ్ పెట్టుకుని బయటికొస్తే ఇదీ వరస.

ఫోటో అద్దం తుడుస్తోంది మద్దమ్మ. అక్కడ ఊడ్చే మనిషి, సిద్ధయ్యలాగే రాయచోటి వైపు.

"ఏమ్మే మద్దమ్మా, బతికుండేవాని పటానికి దండేస్తారా? మతిగానీ పోయిందా నీకు?"

మద్దమ్మ ఇటు తిరగలేదు. "నవ్వేది చూడు. ఎప్పుడూ ఇంతే సిద్ధన్న," అంది ఫోటో వైపు చూస్తూ.

"నేనీడుంటే పటంతో మాటలేంది?"

అంతలో సూపర్‌వైజర్ అబ్దుల్ బాసిత్ వచ్చాడు. మద్దమ్మ అతన్ని అడిగింది. "ఇంత దండ యాడ దొరికె బాసితన్నా?"

"ఫహాహీల్ బజారంతా తిరిగినా. పెద్దదే తెమ్మనె మేడం."

"ఎందుకప్పా అంత పెద్దది?" అన్నాడు సిద్ధయ్య.

"మేడం మాట కాదంటామా," అన్నాడు బాసిత్, మద్దమ్మతో.

సిద్ధయ్య చేయి గిల్లుకున్నాడు. నొప్పి తెలియలేదు.

మీకు వెన్ను జలదరించింది కదూ. మంచినీళ్ళు తాగండి, చెబుతాను. ఆ ఏసీ చలికి మొద్దుబారిన చేయి గిల్లుకుంటే నొప్పేం తెలుస్తుంది? సంగతేమిటంటే, ఆ విశ్వవిద్యాలయంలో ఏటా ఒక మంచి ఉద్యోగిని ఎంచి అవార్డు ఇస్తారు. ఫోటో వరండాలో పెడతారు, సభ చేస్తారు, తమ ఖర్చుతోనే ఊరికి పంపుతారు. ఈసారి వంతు సిద్ధయ్యది. దండేసిన పటం చూస్తే మనవాళ్ళ గుండె గుభేలుమంటుందని అక్కడి పెద్ద, ఆ కువైటీ మేడంకేం తెలుసు పాపం?

సిద్ధయ్యకు కావలసిందీ ఊరి ప్రయాణమే. ఊళ్ళో కొత్తిల్లు కట్టుకున్నాడు. గృహప్రవేశం ఆగిపోయింది. "నువ్వొచ్చి పాలు పొంగిస్తేనే నేను ఆ గడప తొక్కేది," అని కూర్చుంది భార్య వెంకటేశ్వరి, పాత రేకుల కొట్టంలో. సెలవు అడిగినప్పుడల్లా మేడం చాయ్ గ్లాసు అందుకుంటూ, "బుక్రా, సిద్ధయ్యా, బుక్రా," అనేది. బుక్రా అంటే రేపు. ఆ రేపు ఎన్నిసార్లు మాపైపోయిందో.

సభకు అందరూ వచ్చారు. సిద్ధయ్యకు సిగ్గెక్కువ, వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. తలలు వంచుకుని లేచి నిలబడ్డారు. పెద్ద చదువుల వాళ్ళ మర్యాదలు వేరుగా ఉంటాయిలే అనుకున్నాడు.

మేడం మైకు ముందు మాట్లాడుతుంటే బాసిత్ మద్దమ్మకు తెలుగులో చెప్పాడు. "సిద్ధయ్య చాయ్ తాగకుండా మేడం ఒక్కనాడు కూడా పాఠం చెప్పలేదంట. సెలవడిగితే రేపు, రేపు అన్నానే అని ఏడుస్తాండాది."

"మాఫీ ముష్కిల్, మేడం," అన్నాడు సిద్ధయ్య వెనక నుంచి, చేతులు జోడించి. ఏం ఫర్లేదని. మేడం తలెత్తలేదు.

"మరి ఊరికి పంపేది ఎవురు?" మద్దమ్మ అడిగింది.

"కాగితాలు, టికెట్టు అన్నీ వీళ్ళే చూసుకుంటారంట. నేనూ కూడా పోతా. ఒక్కన్నే ఎట్ట పంపేది?"

"నేనేమన్నా పసిబిడ్డనా?" అని నవ్వాడు సిద్ధయ్య. ఆ సంతోషంలో వెంకటేశ్వరికి ఫోన్ చేశాడు. అవతల ఎత్తింది. "హలో, ఎవురు? ఎవురది?" అంటూనే ఉంది. ఇతను చెబుతూనే ఉన్నాడు. కువైట్ లైన్లు అంతే.

ప్రయాణం రాజాలా జరిగింది. వీసా ఇచ్చిన కఫీల్ గుమ్మం ముందు పడిగాపులు లేవు, విమానాశ్రయంలో వరసల్లేవు, పెట్టె బరువు గురించి ఎవరూ పేచీ పెట్టలేదు. చెన్నైలో దిగాక ఊరిదాకా బండి. అదీ పడుకుని పోయే బండి.

వీధి వీధంతా ఎదురొచ్చింది. బండి కొత్తింటి ముందు ఆగింది. సున్నం వాసన ఇంకా పోలేదు. వెంకటేశ్వరి గడప బయటే కూర్చుని ఉంది.

"ఇప్పుడొస్తివా," అంది.

"వస్తినే," అన్నాడు సిద్ధయ్య. "లే, పాలు పెట్టు."

ఆమె లేవలేదు.

"లోపలికి వద్దు, ఈన్నే వాకిట్లో," అన్నాడెవరో పెద్దాయన.

అవును మరి, ముహూర్తం చూడకుండా కొత్తిల్లు తొక్కనిస్తారా? సిద్ధయ్య గడప మీద చెయ్యి వేసి తడుముకున్నాడు. మంచి టేకు. ఇంత దూరం వచ్చినవాడికి రెండడుగులు లెక్కా? వాకిట్లో అందరూ ఉండగానే, ఎవరినీ అడక్కుండా, గడప దాటాడు. వంటింట్లో, ఎవరూ వెలిగించని పొయ్యి మీద, పాలు పొంగిన వాసన వేసింది. వెంకటేశ్వరి ఉలిక్కిపడి లోపలికి చూసింది.

ఇంతే కథ. మీసం సంగతి అడుగుతారని నాకు తెలుసు. కత్తెర తెండి, మీసానికేం, మళ్ళీ మొలుస్తుంది. చాయ్ నిజం, దండ నిజం, మేడం కన్నీళ్ళు నిజం, పాల వాసన అంతకన్నా నిజం.

నేను కల్పించింది అవార్డు ఒక్కటే.