ఆకుపచ్చ బండికి ఆఖరి అవకాశం

"మోసం. పచ్చి మోసం."

సూటూ బూటూ వేసుకున్న పెద్దాయన గొడుగుతో ప్లాట్‌ఫాం మీద టకటకా కొట్టాడు. ఆయన వెనక, అప్పుడే బండి దిగిన జనమంతా అవునవునన్నారు.

మేవిస్ బండి వంక చూసింది.

ఆ నాలుగు పెట్టెల ఆకుపచ్చ కరెంటు బండి ఆమె ప్రాణం. ఒకప్పుడు ఈ ససెక్స్ పల్లెల నుంచి జనాన్ని లండన్ ఆఫీసులకి మోసింది. రిటైరై తుక్కు కింద పోబోతుంటే మేవిసే అడ్డుపడి, పాత రైళ్ళని సందర్శకుల కోసం నడిపే ఈ లైనుకి తెప్పించింది. తుప్పు గీకింది. సీట్లు కుట్టింది. అయితే ఈ లైన్లో కరెంటు లేదు. ముందు డీజిల్ ఇంజను తగిలించి లాగించాల్సిందే. ఆవిరి ఇంజన్లంటే పడిచచ్చే ఛైర్మన్ కల్పెపర్‌కి అందుకే ఆ బండంటే చులకన. "సొంతంగా కదల్లేని రేకుడబ్బా" అంటాడు.

ఇవాళ దానికి ఆఖరి అవకాశం. 'పాతకాలపు ఆఫీసు ప్రయాణం, ఉన్నదున్నట్టు' అని ఊరూరా చాటి టిక్కెట్లమ్మారు. జనం మెచ్చుకుంటే షెడ్డులో చోటుంటుంది. లేకపోతే సోమవారం పాత ఇనుము వాళ్ళొస్తారు.

"ముప్పై ఏళ్ళు ఈ బండిలోనే ఆఫీసుకెళ్ళానమ్మా," అన్నాడు గొడుగు పెద్దాయన. "ఒక్కరోజు, ఒక్కటంటే ఒక్కరోజైనా ఇలా జరిగిందా?"

"నా సంగతేమిటి?" అంది పక్కనున్న లావుపాటావిడ. "శాండ్‌విచ్ పొట్లం విప్పనైనా లేదు. మా అల్లుడు కారు తెచ్చేదాకా ఈ చలిలో బిగుసుకుపోవాలా?"

కల్పెపర్ మొహం మాత్రం పెళ్ళికొడుకులా వెలిగిపోతోంది.

"చూశారా మేవిస్ గారూ? ఈ డబ్బాతో మన లైను పరువు పోతుందని నేను చెప్తూనే ఉన్నా."

"బండి తప్పేం లేదు. ఎవరో మనిషి చేసిన పనిది."

"అయితే ఆ మనిషెవరో చెప్పండి. అతన్ని ఇంటికి పంపేస్తాం, మీ బండికి ఇంకో అవకాశం ఇస్తాం. నా టీ అయ్యేలోగా చెప్పాలి మరి."

మేవిస్ ఇంజను దగ్గరికి పరుగెత్తింది. డ్రైవరు డెన్జిల్ గుడ్డతో చేతులు తుడుచుకుంటున్నాడు.

"నీ పనేనా?"

"నాకేం తెలుసు తల్లీ? గార్డు పచ్చజెండా ఊపితే కదులుతా, ఎర్రజెండా ఊపితే ఆగుతా. పెళ్ళయినప్పట్నుంచీ చెప్పింది చెయ్యడమే అలవాటు నాకు."

సిగ్నల్ క్యాబిన్ కిటికీలోంచి విల్ఫ్ తల బయటపెట్టాడు. "నా వంక చూడకు. లివర్లన్నీ రూలు ప్రకారమే లాగాను. వెళ్ళి గార్డుని అడుగు."

మేవిస్ చివరి పెట్టె వైపు నడిచింది. ఆ గార్డు హొరేస్. ఆమె మొగుడు.

హొరేస్ చివరి పెట్టెలో కూర్చుని ఫ్లాస్కులోంచి టీ వంపుకుంటున్నాడు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఇదే బండికి గార్డు. ఇప్పుడు మాత్రం మీగడ గిన్నె ఖాళీ చేసిన పిల్లిలా ఉన్నాడు.

"మీరేనా?"

"టీ తాగుతావా?"

"మిమ్మల్నే అడుగుతున్నా."

"నేనే."

మేవిస్ సీట్లో కూలబడింది. "నాకు మాటిచ్చారు కదండీ. ఎక్కడ ఏం చెయ్యాలో నిన్న మీ చేత అప్పజెప్పించుకున్నాను కూడాను."

"ప్లాట్‌ఫాం మీద ఆ మొహాలు చూసేదాకా మాట మీదే ఉన్నా. ముప్పై ఏళ్ళు, మేవిస్. ఆ గొడుగాయనైతే అదే గొడుగుతో నా పొట్టలో పొడిచి మరీ తిట్టేవాడు. ఒక్కనాడు ఎదురు మాట్లాడానా? టోపీ తీసి క్షమించమన్నాను. ఇవాళ జెండా నా చేతిలో ఉంది. పైవాళ్ళెవరూ లేరు. చెయ్యి ఆగలేదు."

"అంటే, కక్ష తీర్చుకున్నారా?"

"ఏమన్నా అనుకో. రిటైరయ్యాక ఇంత హాయిగా ఎప్పుడూ లేదు నాకు."

తలుపు దగ్గర కల్పెపర్ దగ్గాడు. చేతిలో ఖాళీ కప్పు. వెనకే గొడుగాయనా, జనమూ.

"టీ అయిపోయింది. పేరు చెప్తారా, పాత ఇనుము వాళ్ళకి ఫోన్ చెయ్యనా?"

ఒకవైపు కట్టుకున్న మొగుడు. ఇంకోవైపు తన చేత్తో కుట్టిన సీట్లు. మేవిస్ రెండువైపులా చూసింది. మొగుణ్ణి ఎలాగూ సాయంత్రం ఇంటికి తీసుకెళ్ళచ్చు. బండిని తీసుకెళ్ళలేదు.

హొరేస్ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "చెప్పెయ్."

"అచ్చం పాతరోజుల్లోలాగే దారిపొడుగునా ఆపి ఆపి గంట ఆలస్యంగా చేరుస్తామని టిక్కెట్లమ్మిన బండిని," అంది మేవిస్ తలొంచుకుని, "ఒక్క నిమిషం కూడా లేటవకుండా టైముకి తీసుకొచ్చేసింది మా ఆయన హొరేసే."