లోపల ఎవరున్నరు?

“లోపల ఎవరున్నరు?”

కిటికీలోంచి ఆ కేక వినబడగానే అమరేందర్ బడి వరండాలోనే ఆగిపోయాడు. అడుగుతున్నది లోపలున్న కమలాకర్ సారే. లోపల ఉండి, లోపల ఎవరున్నారని అడగడమేమిటో!

అమరేందర్ మండల విద్యాధికారి. ఈ బడికి పిల్లలే రావడం లేదని ఫిర్యాదు వస్తే, చూసి పోదామని తిరుమలగిరి నుంచి బండి మీద వచ్చాడు. సంచిలో తనిఖీ కాగితం ఉంది. ‘బడి మూసివేయవచ్చు’ అన్నచోట టిక్కు పెడితే పని అయిపోతుంది. దారిలో ప్రైవేటు బడి బస్సు నిండా పిల్లలతో ఎదురైనప్పుడే ఆ టిక్కు సగం పడిపోయింది.

“ఎవ్వరు లేరు, ఎక్కుండ్రెక్కుండ్రి!” బొంగురు గొంతు జవాబిచ్చింది.

“ఇది ఏ జాగా?”

“బస్టాండు సార్. నేను కండక్టర్ను. బస్సుల కాలు పెట్ట సందు లేదు, గయినా ఎవ్వరు లేరంటున్న.”

“శభాష్! మాటలు గవ్వే, జాగా మారుద్దాం. ఇప్పుడిది వడ్లు పోసే గుమ్మి. లోపల ఎవరున్నరు?”

“ఎవ్వరు లేరూ...” ఈసారి చిన్నపిల్ల గొంతు, గుసగుసగా. దాగుడుమూతలు! అమరేందర్‌కు నవ్వాగలేదు.

వరండా చివర వంటమనిషి నర్సింగమ్మ చాటలో పిడికెడు బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతోంది.

“పిల్లలెంతమంది వచ్చిండ్రమ్మా?” మెల్లగా అడిగాడు.

“ఇనవడ్తలేదా సారూ? లోపలికి పోయి సూడుండ్రి.”

గడప దగ్గర రెండే జతల చెప్పులున్నాయి. మిగతావాళ్లు ఒట్టి కాళ్లతో వస్తున్నారు కాబోలు, బూట్ల సంగతి కూడా రాయాలి అనుకున్నాడు.

“ఇప్పుడు దవాఖాన. లోపల ఎవరున్నరు?”

“ఎవ్వరు లేరు బిడ్డా.” ముసలి గొంతు, దగ్గుతూ.

“నువ్వున్నవ్ గదా అవ్వా?”

“ఒక్కదాన్ని ఉంటే ఉన్నట్టా బిడ్డా?”

అమరేందర్ మనసు చివుక్కుమంది. ఇరవై ఏళ్ల నౌకరీలో ఇట్లాంటి పాఠం వినలేదు. అవే రెండు ముక్కలు బస్సులో అబద్ధమయ్యాయి, దవాఖానకు పోయేసరికి ఏడిపించాయి. మాట్లాడినవాళ్లే ముగ్గురు, నోరు విప్పనివాళ్లు ఇంకెందరున్నారో! ఎవడో పనిలేనివాడు ఫిర్యాదు రాసుంటాడు. కాగితం తీసి ‘బడి మూసివేయవచ్చు’ అన్నదాన్ని అడ్డంగా కొట్టేసి, సంతకం కూడా పెట్టేశాడు. పిల్లల సంఖ్య రాయాల్సిన గడి ఒక్కటే మిగిలింది. లోపలికి పోయి తలలు లెక్కపెడితే సరి.

ఆటలో తానూ ఒక చెయ్యి వేద్దామనిపించింది. దగ్గరగా వేసి ఉన్న తలుపును వేలితో కొట్టి, గొంతు గంభీరంగా చేసుకుని అడిగాడు.

“ఇది బడి. లోపల ఎవరున్నరు?”

లోపల చప్పుడాగిపోయింది. ఈసారి ఏ వేషమూ లేని ఆడపిల్ల గొంతు జవాబిచ్చింది.

“నేనొక్కదాన్నే, సార్.”