సున్నం పూసిన రాయి

"ఇంటికాడికి రావద్దు సార్. నలుగురి కండ్ల పడతాది" అని సిద్దయ్య ముందే చెప్పి ఉన్నాడు. అందుకే మల్లికార్జున సారు ఊళ్ళోకి రాకుండా తారురోడ్డు మీదే బస్సు దిగాడు.

సిద్దయ్య అప్పటికే కంపచెట్టు నీడలో కూర్చుని ఉన్నాడు. లేచి, కంబళి భుజాన వేసుకుని కాలిబాట పట్టాడు.

సారుది ప్రొద్దుటూరు. కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాడు. సెలవురోజు వస్తే నాపరాళ్ళ గనుల్లో తేలతాడు. ఆ గనుల నడుమ ఎండిన వాగొకటి. ఆ వంకకు ఇవతల సిద్దయ్య ఊరు తుమ్మలమిట్ట, దానికో గని. అవతల సున్నపుగుట్ట, దానికో గని. ఈ ఊరి పెద్దాయనది ఒక పార్టీ, ఆ ఊరి పెద్దాయనది ఇంకో పార్టీ. పోయిన ఎన్నికల్లో ఇద్దరూ జెండాలు మార్చుకున్నారు. నడిమి హద్దు మాత్రం ఉన్నచోటే ఉంది. ఆరేళ్ళలో దాని మీద పదకొండు మంది పోయారు.

రెండు గనుల కూలీలకూ కలిపి ఒకటే సంఘం పెట్టాలని సారు పట్టు. ఇవతల ముప్పై మంది, అవతల నలభై మంది అప్పటికే ఊఁ అన్నారు.

పది రోజుల కింద సిద్దయ్య జీవాలు పచ్చిక కనబడి వంక దాటాయి. నలభై గొర్రెలు. అతనికున్నదల్లా అవే. సున్నపుగుట్ట వాళ్ళు తోలుకుపోయి దొడ్లో పెట్టారు. నడుమ ఒక పెద్దమనిషి వచ్చి మాట్లాడితే వదులుతామన్నారని చెప్పి, సిద్దయ్య మొన్న ప్రొద్దుటూరికి పోయి సారు ముందు చేతులు కట్టుకు నిలబడ్డాడు. సారు అప్పటికప్పుడే సరేనన్నాడు.

భయపడాల్సిన పని లేదు. అక్కడ ఒక కట్టుబాటుంది. పంచాయితీ తెగేదాకా, అంటే తోలుకుపోయినవి తిరిగి ఇల్లు చేరేదాకా, నడిమి మనిషి మీద చెయ్యి పడదు. అన్ని పగలున్న ఆ రెండూళ్ళూ ఇన్నేళ్ళలో ఆ ఒక్కటి తప్పలేదు.

"ఏంది మామా, నీ కంబళి ఇంత పచ్చి గొర్రె వాసన కొడతాంది? జీవాలు పోయి పది దినాలాయె గదా?" నవ్వాడు సారు.

"గొర్రెలోళ్ళం సార్. అత్తరు పూసుకొని తిరుగుతామా?"

సిద్దయ్య నడక పెంచాడు. సారు వెనకే రొప్పుతూ మాట అందుకున్నాడు.

"అవతలి గనిలో కూలి రెండు రూపాయలెక్కువ. మీవోళ్ళు ఎందుకు పోరు?"

"పోతే నరుకుతారు గదా సార్."

"అందుకే ఈడ కూలి పెరగదు. ఆడ ఎవరన్నా అడిగినారనుకో, 'తుమ్మలమిట్టోళ్ళు కాసుకోనుండారు, ఇప్పుడు మనలో మనకు గొడవా' అని నోరు మూయిస్తారు. కాపలా మీది, పంట వాళ్ళది. దేశాల నడుమ గీతా ఇంతే మామా. బండల లారీ దాటుతాది, దుడ్లు దాటుతాయి, కూలోడు దాటితేనే తుపాకీ. నేల మీద గీత యాడుంది? కాగితం మీద ఉంది. ఆ కాగితం ఉన్నోని బీరువాలో ఉంది."

"గీత లేదంటావు. మరి మా చెన్నయ్య దేని మీద పడినాడు సార్?"

చెన్నయ్య సిద్దయ్య తమ్ముడు. మూడేళ్ళ కింద, తప్పిపోయిన ఎద్దును వెతుక్కుంటూ వంక దాటి, ఆ పదకొండు మందిలో ఒకడయ్యాడు.

సారు మెల్లగా అన్నాడు: "కర్రతో కొడితే కర్రను తిడతామా మామా? పట్టుకున్నోన్ని తిడతాం."

సిద్దయ్య వంకలోకి దిగాడు.

వంకలో ఇసుక మీద కూర్చుని సారు ఉడకబెట్టిన శనక్కాయల పొట్లం విప్పాడు. సగం సిద్దయ్య దోసిట్లో పోశాడు. సిద్దయ్య ఒకటి ఒలిచాడు. నోట్లో వేసుకోలేదు. పొద్దున ఇంట్లోనూ అంతే. పెండ్లాం అంకాలమ్మ సంగటి ముందర పెట్టి, మొగుని మొహం చూడకుండా అవతలికి వెళ్ళిపోయింది.

గట్టెక్కితే సున్నం పూసిన రాయి. అదే హద్దు.

"సార్." సిద్దయ్య ఆగిపోయాడు. "ఎనక్కి పోదాం. జీవాలు పోతే పోనీ."

"ఇంత దూరం వచ్చినాక ఏంది మామా? నలభై జీవాలు! మా అంకాలమ్మత్త ఏం తిని బతుకుతాది?"

"నా మాటిను సార్."

"నడిమి మనిషిని, నాకేమైతాది?"

సారు రాతి మీద చెయ్యి ఆనించి అవతలికి అడుగు వేశాడు. వెనక్కి తిరిగి పాదం ఎత్తి చూపించాడు. "చూడు, కాలిందా?"

సిద్దయ్య రాయి దాటలేదు.

ముప్పై గజాల దూరంలో దొడ్డి. దాని పక్కన తుమ్మచెట్ల కింద రెండు జీపులు ఆనుకుని ఉన్నాయి. ఒకదాని మీద సున్నపుగుట్ట పెద్దాయన జెండా. రెండోదాని మీద తుమ్మలమిట్ట పెద్దాయన జెండా.

సారు మొహం వెలిగిపోయింది.

"నేను చెప్పలే మామా! హద్దు లేదంటే నమ్మితివా? మీ పెద్దాయన యాడుండాడో చూడు!"

జీపుల వెనక నుంచి ఏడెనిమిది మంది లేచారు. అందులో ఇవతలి మొహాలూ ఉన్నాయి, అవతలి మొహాలూ ఉన్నాయి. ఎవరూ 'రా' అనలేదు. సారు చూపు దొడ్డి మీదికి పోయింది. కంపతడిక బార్లా తెరిచి ఉంది. లోపల పెంటికలు తప్ప ఏమీ లేవు.

"మామా, జీవాలేవి?"

ఆ నలభై జీవాలనూ సిద్దయ్య నిన్న పొద్దు గూకకముందే ఇదే దారిన ఇంటికి తోలుకుపోయాడు.